తీగలు విప్పకుండా తీసిన సినిమా

జనవరి 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. "లెక్క ఎంతవరకు వచ్చింది?" అని ఒక్క ముక్క రాసి, మిగతా కాగితమంతా తెల్లగా వదిలేశావు. నాలుగు తిట్లు రాసి ఉన్నా బావుండేది. ఆ ఖాళీ కాగితం చూశాక రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

రాలేదు. అదే జవాబు. ఇంకా రాలేదు.

ఇక్కడి సంగతులు రాస్తే "ఛీఛీకి లోకంలో ఏదీ నచ్చదు" అని నవ్వుతావు. ఆ పేరు పెట్టింది నువ్వే, ఇన్నేళ్ళుగా మోస్తున్నది నేను. కానీ నువ్వే చెప్పు. ఈ ల్యాబుని నడిపే పెద్దాయన పెన్ను మూత చెవిలో పెట్టి తిప్పుకుంటాడు. తీసి ఒకసారి చూసుకుని, అదే మూతతో నా స్క్రీన్ మీద "ఇక్కడ చూడమ్మా" అని గీస్తాడు. ఆయన అటు వెళ్ళగానే స్పిరిట్ పెట్టి తుడుచుకోవడం నా పని. ఫ్రిజ్‌లో ఎవరిదో గిన్నె ఉంది, అందులో బూజు బొచ్చులా పెరిగింది. ఎవరిదంటే ఎవరిదీ కాదు. కంప్యూటర్లు పెట్టిన గదిలో ఫ్యాన్ల హోరు, కాలిన దుమ్ము కంపు. ఆ కంపు జుట్టుకి పట్టి ఇంటికి కూడా వస్తుంది.

మేం చేసే పని చెప్పినప్పుడల్లా మర్చిపోతానంటావు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. గుండెలో ప్రతి కణానికీ నూనె తెరలాంటి సన్నని పొర ఉంటుంది. ఆ పొరలో అక్కడక్కడ చిన్న చిన్న తలుపులు. ఛానళ్ళు అంటాం. గుండె కొట్టుకున్నాక ఒక రకం తలుపులోంచి పొటాషియం వరసగా బయటికి పోవాలి. పోతేనే గుండె సర్దుకుని మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. సర్దుకోకముందే ఏదైనా మోతకి ఉలిక్కిపడితే లయ తప్పి ఆగిపోవచ్చు. ఆ తలుపు పూసల దండలాంటి ప్రోటీన్‌తో తయారైంది. మన ఇంట్లో ఆ దండలో ఒక పూస మారింది. అమ్మమ్మకి మారింది, అమ్మకి మారింది, నీకూ నీ కూతురు పిచ్చుకకీ మారింది. నాకు మారలేదు. ఆ మారిన పూస వల్ల తలుపు నొక్కుకుపోయి పొటాషియం ఆగిపోతోందా, లేక అది ఊరికే ఉన్న తేడానా అన్నది తెలియాలి. అందుకని తలుపునీ, పొరనీ, చుట్టూ ఉన్న నీళ్ళనీ అణువు అణువుగా కంప్యూటర్లో కట్టి, ఏది దేన్ని ఎంత తోస్తుందో లెక్కగట్టి, వెంట్రుకంత జరిపి, మళ్ళీ లెక్కగడతాం. గదినిండా కంప్యూటర్లు రోజుల తరబడి అరిస్తే, చివరికి వచ్చేది కంటిరెప్ప పాటులో వెయ్యో వంతు కూడా కాదు.

ఇంకో రోత వార్త. మన ఇంటి పూస లెక్క నాకు ఇవ్వలేదు. "సొంతవాళ్ళ విషయం, నీకు మనసు లాగుతుంది" అని పెద్దాయన దాన్ని ఇస్త్రీకి ఇచ్చాడు. ఇస్త్రీ అంటే మా ల్యాబులో ఒకడు, చొక్కా నలగదు, పని చేస్తే కదా నలగడానికి.

ఓపిక పట్టు. మాత్రలు మానకు, పిచ్చుకతో మానిపించకు. నువ్వు ఫోన్ పెట్టించుకోనన్నందుకు నేనేం అనుకోవడం లేదు. అద్దె ఇంటి బెల్లు మోగి అమ్మ పక్కమీద లేచి కూర్చుని అలాగే ఒరిగిపోయాక, ఆ బెల్లుని మనిద్దరం కలిసే ఊడదీశాం కదా. అప్పటినుంచీ మనింటికి వచ్చేవాళ్ళు తలుపు కింద చీటీ తోసి నిలబడడమే అలవాటు. ఇప్పటికీ నేను ఎవరింటికి వెళ్ళినా బెల్లు కొట్టడానికి చెయ్యి రాదు.

ఛీఛీ

జనవరి 24

ఛీఛీకి అక్క రాయునది,

చదివాను. పొటాషియం గురించి నువ్వు రాసింది ఈసారి నిజంగానే అర్థమైంది. నీ పెద్దాయన చెవి గురించి చదివి మా క్లినిక్‌లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నావిడ తనని చూసే నవ్వుతున్నానని అలిగింది.

రోత గురించి నాకు చెప్పకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నోళ్ళలో చేతులు పెట్టేది నేను. పళ్ళ డాక్టరు పీకుతాడు, పట్టుకునేది నేను. నిన్న ఒక పెద్దమనిషి కట్టుడు పళ్ళు తీసి నా టీ కప్పులో వేశాడు. "అయ్యో, నీళ్ళనుకున్నానమ్మా" అన్నాడు. పారబోసి, కడిగి, ఇంకో కప్పు తెచ్చుకుని తాగాను. నువ్వైతే ఉద్యోగం మానేసేదానివి.

పిచ్చుక సంగతి రాస్తాను. దానికి ఆ పేరు పెట్టినప్పుడు ఎలా ఉండేదో గుర్తుందా? ఒక చోట నిలిచేది కాదు. ఇప్పుడు మాత్ర వేసిన గంటకల్లా బెంచీ మీద తల పెట్టేస్తుంది. చేతులు మంచుముద్దలు. క్లాసులో దాన్ని "నిద్రమొహం" అంటున్నారట. బడి గంట మోగే ముందు టీచరు దాన్ని ఆటస్థలం చివరికి పంపించి, గంట ఆగాక లోపలికి పిలుస్తుంది. పిల్లలు ఊరుకుంటారా? దీని వెనక నిలబడి చెవిలో "ఠంగ్" అని అరిచి పారిపోతున్నారు. నాకు వాళ్ళని ఏం చెయ్యాలో తోచదు. బడికెళ్ళి నాలుగు దులిపి వచ్చాను, మర్నాడు ఇంకో నలుగురు అరిచారు.

మొన్న అడిగింది, "అమ్మా, నాకు జబ్బు నిజంగా ఉందా, ఊరికే ఉందేమోనని మాత్రలు వేస్తున్నారా?" అని. గుండె డాక్టరు "ఈ మార్పు ఎవరిలోనూ చూడలేదు, తేలేదాకా మాత్రలు వాడండి" అంటాడు. తేల్చాల్సింది మీరట. మీరేమో కంటిరెప్ప పాటులో వెయ్యో వంతు అంటారు.

నాకు అవునో కాదో చెప్పవే. నీకు ఓపికగానే ఉంటుంది. నీ పూస మారలేదుగా.

ఆ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే నువ్వు వెలుతురుకి పట్టి మరీ చదువుతావు, అందుకే ఉంచేశాను.

అక్క

ఫిబ్రవరి 9

అక్కా,

నీ చివరి మాట చదివాను. వెలుతురుకి పట్టే పని లేకపోయింది, సంతోషం.

లెక్క అయిందట. అయిందని నాకెవరూ చెప్పలేదు. అందరినీ హాల్లోకి పిలిచి, లైట్లు ఆర్పి, సినిమా వేశారు. మన ఇంటి తలుపుని ఊదారంగు రిబ్బన్లతో చుట్టి, పొటాషియాన్ని బంగారు గోళీలు చేసి, వెనకాల వయొలిన్ పెట్టారు. గోళీలు ఒకదాని వెనక ఒకటి టుక్కు టుక్కుమని దాటుతుంటే జనం చప్పట్లు కొట్టారు. మారిన పూసని ఎర్రగా మెరిపించారు. అది మెరుస్తూ కూర్చుంది, కదల్లేదు. "చూశారా, ఏం కాలేదు! తలుపు తెరుచుకునే ఉంది!" అని పెద్దాయన ఆ పెన్ను మూతతోనే చూపించాడు. ఇస్త్రీ లేచి దణ్ణం పెట్టాడు. నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంది. ఎవరో చచ్చిపోయిన ఇంటి కథకి వయొలిన్ పెట్టుకుని ఏడవడం ఏం సరదా? ఆ కథ మనది. అమ్మ పడిపోయిన మంచం గురించి నేను ఒకసారి టీ తాగుతూ చెప్పిన మాట కూడా అందులో ఇరికించాడు.

ఆ సినిమా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో పూర్తిగా చెప్పలేను. మరీ శుభ్రంగా ఉంది. అణువులు అలా ఉండవు, వణుకుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇవి గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. ఇస్త్రీని అడిగితే "అంతా పద్ధతి ప్రకారమే" అన్నాడు. ఫైళ్ళు అడిగితే, "పెద్దాయనని అడుగు" అన్నాడు.

నువ్వు ఆ సినిమా చూడకు. ఎక్కడైనా కనబడినా పట్టించుకోకు. ఒళ్ళు మండే సంగతులు ఇంకా ఉన్నాయి, రాస్తే కాగితం చాలదు. మాత్రల గురించి అడగాల్సింది గుండె డాక్టరుని, మా పెద్దాయనని కాదు.

పిచ్చుక చెవిలో అరిచే పిల్లల పేర్లు కనుక్కో. నేను వచ్చినప్పుడు ఒక్కొక్కడి చెవీ మెలిపెడతాను.

ఛీఛీ

ఫిబ్రవరి 21

ఛీఛీకి,

చూశాను. చూడకు అన్నావుగా, చూశాను. నేనేం వెతుక్కుంటూ పోలేదు, మా క్లినిక్‌లో ముందు గదిలో టీవీ ఉంది, అందులోనే వచ్చింది. చేతిలో ట్రే ఉంది, ట్రేలో ఎవరిదో దవడ అచ్చు ఉంది. అలాగే నిలబడిపోయాను. "ఒక కుటుంబం తరతరాలుగా చప్పుడుకి భయపడి బతికింది, ఇక భయపడక్కర్లేదు" అన్నాడు మీ పెద్దాయన. అంత పెద్ద మనిషి, కోటు వేసుకుని, నా గురించి చెప్తున్నాడు. నేను ట్రే కింద పెట్టి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. పంటి నొప్పితో వచ్చినవాళ్ళు లేచి నాకు మంచినీళ్ళు ఇచ్చారు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. రంగు బాలేదు, వయొలిన్ బాలేదు, ఆయన చెవి బాలేదు. ఇంతేనా? తప్పెక్కడుందని ఒక్క ముక్క లేదు. "మరీ శుభ్రంగా ఉంది" అట! ఒసేయ్, శుభ్రంగా ఉన్నా తప్పేనా? చిన్నప్పుడు నా గౌను ఇస్త్రీ చేసి ఉంటే "ఛీ, ఏదో వాసన" అనేదానివి. నీకు కొనలేదని ఏడుపు. ఇదీ అదే. నీకు ఇవ్వని లెక్క ఇంకొకడు చేశాడని నీ ఏడుపు. నీ పిచ్చుక బతుకు కన్నా నీకు అదే ఎక్కువైందా?

డాక్టరుని అడగమన్నావు, అడిగాను. "మీ చెల్లెలి ఆఫీసువాళ్ళే టీవీలో చెప్పేశాక నేనెవర్నమ్మా చెప్పడానికి?" అన్నాడు. అని నవ్వాడు కూడా.

మాత్రల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ బూజు గిన్నె సంగతి చూసుకో.

అక్క

మార్చి 3

అక్కా,

ఏడుపు అన్నావు. బావుంది. గౌను సంగతి కూడా తవ్వి తీశావు. దానికి నిజంగానే వాసన వచ్చింది, పక్కింటి పిల్లి దాని మీద పడుకుంది, నేను చూశాను, నువ్వు నమ్మలేదు.

ఇంక నేనేం చెప్పినా నీకు అలాగే వినపడుతుంది. చెప్పను. కోటు వేసుకుని టీవీలో కూర్చున్నవాడే నీకు తోబుట్టువు, వాడి మాటే విను. ఇంటికి బెల్లు పెట్టించుకో. ఫోన్ పెట్టించుకో. ఇంటి ముందు బ్యాండు మేళం కూడా పెట్టించుకో, నాకేం.

మాత్రల సంగతి నువ్వు చూసుకుంటున్నావు కాబట్టి నాకు ఆ బెంగ లేదు.

నేను పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి ఆ ఫైళ్ళు తీసుకున్నాను. అన్నీ మొదటినుంచీ చూస్తాను. ఎవరి మీదా ఏడుపుతో కాదు. నాకు నిద్ర పట్టడం లేదు, అందుకు.

చెల్లెలు

మార్చి 14

నా ఛీఛీకి,

"చెల్లెలు" అని సంతకం పెట్టావు. అది చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. నిన్ను ఏడుపు అన్నందుకు నా నోరు పడిపోను. అనేశాను, అయిపోయింది. పిల్లి సంగతి ఇప్పుడు నమ్ముతున్నాను.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి వెటకారం అనుకున్నాను. తర్వాత తెలిసింది, నీకు మంచిగా చెప్పడం రాదు, ఎప్పుడూ అంతే. ఆ ఫైళ్ళు నీ చేతికే వచ్చాయి, చూస్తానన్నావు, "నాకు ఆ బెంగ లేదు" అని కూడా రాశావు. ఏదైనా తప్పుంటే నువ్వు ఈపాటికి ఊరు పీకి పందిరేసేదానివి కదా. అందుకని, నువ్వు చెప్పినవన్నీ చేశాను, బ్యాండు మేళం తప్ప!

టీవీ చూసిన రోజే మాత్రలు ఆపేశాను, దానివీ, నావీ. ఛీఛీ, నువ్వు దాన్ని చూడాలి. మూడు వారాల్లో మనిషి మారిపోయింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. మెట్లు రెండేసి ఎక్కుతోంది. నిద్రమొహం అన్నవాడిని వీధి చివరిదాకా తరిమి కొట్టి వచ్చింది. ఇంటికి వచ్చి వాళ్ళమ్మ ఫిర్యాదు చేస్తుంటే నేను సంతోషంతో విన్నాను.

బెల్లు పెట్టించాను. మామూలుది కాదు, పక్క వీధిదాకా వినపడుతుంది. పిచ్చుకే కొట్లో మోగించి మోగించి అన్నిటికంటే గట్టిది ఏరుకుంది. రోజంతా బయట నిలబడి నొక్కుతోంది, ఎదురింటివాళ్ళు తల పట్టుకుంటున్నారు. నాకేమో చచ్చేంత ఇష్టంగా ఉంది. పాలతను కూడా రెండు రోజులుగా నొక్కుతున్నాడు, మేం లేచాకే వస్తున్నాడులే. ఇకమీదట తెల్లవారుజామునే వస్తానన్నాడు. "రా నాయనా, గట్టిగా నొక్కు, అలారం కొనే ఖర్చు తప్పుతుంది" అన్నాను.

ఫోన్ కూడా వచ్చింది. పక్కగదిలో దాని మంచం పక్కనే పెట్టుకుంది. నంబర్ కింద రాశాను. నువ్వే మొదట చెయ్యాలట. ఆదివారం పొద్దున, అది నిద్రలో ఉండగా చెయ్యాలట, నీ ఫోన్ మోతకి ఉలిక్కిపడి లేవాలట, అదీ దాని కోరిక. మన వంశంలో ఇంతవరకూ ఎవరూ అలా లేవలేదు కదా అంది.

క్లినిక్‌కి పది రోజులు సెలవు, పళ్ళ డాక్టరు పెళ్ళాంతో ఊరెళ్ళాడు. తలుపులు బార్లా తెరుచుకుని ఇంట్లోనే ఉన్నాను.

నీ అక్క

మార్చి 19, బస్సులో

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు, బస్సు గతుకుల్లో పోతోంది. నా పక్కనున్నాయన చెప్పులు విప్పి కాళ్ళు ముందు సీటు మీద పెట్టాడు. ఈ ఒక్కరోజుకి ఏమీ అనడం లేదు.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. చదువుతూ ల్యాబు మెట్ల మీద కూర్చుండిపోయాను. నువ్వు చూసుకుంటానంటే వాడుతున్నావనుకున్నాను. నేను బెంగ లేదన్నది నువ్వు వాడుతున్నావని. బెల్లు పెట్టించుకో అన్నది వెటకారం, నీ మీద మంటతో. నువ్వు మొదటిసారి చదివిందే సరైనది.

ఇప్పుడు తప్పెక్కడుందో రాస్తాను. ఈసారి ముక్కలు ముక్కలుగా రాస్తాను.

మేం కంప్యూటర్లో తలుపుని కొత్తగా కట్టినప్పుడు అణువులు ఒకదాని మీద ఒకటి ఇరుకుగా ఉంటాయి. ఒక్కసారిగా వదిలితే చెల్లాచెదురవుతాయి. అందుకని ప్రోటీన్ అణువులని ఉన్నచోట ఉంచడానికి లెక్కలోనే తీగల్లాంటివి కడతాం. నీళ్ళూ పొరా చుట్టూ సర్దుకున్నాక ఆ తీగలు విప్పేసి, అప్పుడు అసలు లెక్క మొదలుపెడతాం. నీ క్లినిక్‌లో వంకర పళ్ళకి తీగ కడతారే, అలాంటిది. ఇస్త్రీ పాత లెక్క ఫైళ్ళు తెచ్చి అలాగే వాడేశాడు. తీగలు విప్పలేదు. మొదటినుంచి చివరిదాకా కట్టే ఉన్నాయి. తీగ కట్టిన పళ్ళు చూపించి "చూడండి, ఎంత వరసగా నిలబడ్డాయో, వంకరే లేదు" అని టీవీలో చెప్పారు. తలుపు మూసుకుపోలేదంటే పోలేదు మరి, మూసుకుపోనిస్తే కదా!

విప్పి మళ్ళీ నడిపాను. మూడుసార్లు నడిపాను, నిన్న రాత్రే తేలింది. మారిన పూస పక్కకి ఒరిగి, దారి నొక్కుకుపోయింది, గోళీలు ఆగిపోయాయి. మామూలు పూస పెట్టి నడిపితే దారి తెరుచుకునే ఉంది. ఇదే ఆఖరి మాట అని నేను అనను, నాది కూడా కంప్యూటర్లో లెక్కే. కానీ మాత్రలు ఆపడానికి ఆ సినిమా పనికిరాదు, ఇది మాత్రం ఖాయం.

ఇవాళ పొద్దున్నే పట్టుకెళ్ళి పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చూశాడు. పెన్ను మూత చెవిలోకి వెళ్ళింది. "తీగలు ఉన్నాయి, నిజమే" అన్నాడు. నేను ఇంక టీవీవాళ్ళకి చెప్పేస్తాడనుకున్నాను. "వచ్చే ఏడాది ఇంకో వ్యాసంలో మెల్లగా సవరిద్దాం, ఇప్పుడు గొడవ ఎందుకు?" అన్నాడు. ఈలోపు ఎవరైనా మాత్రలు మానేస్తే అన్నాను. "కంప్యూటర్ బొమ్మ చూసి మాత్రలు మానేసే తెలివితక్కువవాళ్ళు ఉంటారా?" అని నవ్వాడు. ఉంటారు, ఏడుస్తూ ట్రే పట్టుకుని నిలబడి ఉంటారు, నా అక్క! నాకు ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది. మనుషుల్ని చూసి చాలాసార్లు ఛీ అన్నాను, ఇంత అసహ్యం మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. ఆయన చేతిలోంచి ఆ పెన్ను మూత లాక్కుని, బూజు గిన్నెలో పడేసి వచ్చాను. నీ ఉత్తరం చదివాక, మీ గుండె డాక్టరు ఆసుపత్రికి అంతా రాసి, మా ఊళ్ళో ఉన్న వాళ్ళ శాఖలో లెక్కతో సహా నా చేత్తో ఇచ్చి వచ్చాను. వాళ్ళు రేపు నీకు కబురు చేస్తామన్నారు. ఫోన్ చెయ్యొద్దని బతిమాలాను. ఉద్యోగం ఉందో లేదో తెలియదు, తర్వాత చూసుకుంటాను.

అప్పుడు ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. నీ నంబర్ సగం నొక్కి ఆగిపోయాను. నీకు మాట చేరాలంటే అది ముందు మోగాలి. పిచ్చుక పక్కలో మోగాలి. ఒంటిపూట బడి కదా, మధ్యాహ్నం పడుకుని ఉంటుందేమో. పెట్టేశాను. క్లినిక్‌కి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. నీ వీధిలో ఎవరికైనా చెప్పిద్దామా అంటే, వాళ్ళు వచ్చి నొక్కేది ఆ బెల్లే. అందుకే బస్సెక్కాను.

మార్చి 20, నీ గుమ్మం ముందు

చీకటి విడుతోంది. నీ మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని రాస్తున్నాను. లోపల చప్పుడు లేదు. మీరు నిద్రలో ఉన్నారు. బెల్లు నా తల పక్కనే ఉంది, తెల్లటి మీట, చుట్టూ పిచ్చుక అంటించిన పూల బొమ్మలు. ఎంత ముద్దుగా అంటించిందో. దాన్ని చూస్తే నాకు వాంతి వస్తోంది.

తలుపు తట్టడానికి కూడా భయంగా ఉంది. మెల్లగా పిలుద్దామని నోరు తెరిచి, అదీ మోతే కదా అని మూసేసుకున్నాను.

ఇప్పుడే పాలతను వచ్చాడు. ఒక చేత్తో క్యాను, రెండో చెయ్యి తిన్నగా మీట మీదికి పోయింది. నేను దూకి పట్టుకున్నాను. క్యాను జారబోతే కాలు అడ్డం పెట్టాను, నా చీరంతా పాలు. "ఎవరమ్మా నువ్వు, ఆవిడే గట్టిగా నొక్కమంది!" అన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టి బతిమాలాను. పిచ్చిదాన్ననుకుని పాలు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కా, ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. నువ్వు లేచి చూసేదాకా ఇక్కడే బెల్లుకి అడ్డంగా నిలబడతాను, ఎవరొచ్చినా నొక్కనివ్వను. లేవగానే ఫోన్ తీగ పీకెయ్యి. మాత్ర నువ్వు ముందు వేసుకో, తర్వాత అది లేచాక దానికి వెయ్యి. డాక్టరు ఆసుపత్రి తెరవగానే మనం ముగ్గురం అక్కడ ఉండాలి. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, తిట్టినా ఫరవాలేదు. మెల్లగా తిట్టు.

సంచీలో స్క్రూడ్రైవర్ ఉంది.

ఛీఛీ

(అదే కాగితం వెనక)

ఫోన్ తీగ పీకేశాను. నేను మాత్ర వేసుకున్నాను. అది ఊపిరి పీలుస్తోంది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, రెండుసార్లు చూశాను. మంచినీళ్ళూ మాత్రా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అది లేవగానే "అమ్మా, పిన్ని ఫోన్ చేసిందా?" అని అడుగుతుంది. ఏం చెప్పాలో నువ్వే లోపలికి వచ్చి చెప్పు. నేను చెప్పలేను.

నీ మీద కోపం అలాగే ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ముందు తలుపు గడియ తీస్తే పెద్ద చప్పుడవుతుంది. వెనక వైపు రా, అక్కడ తలుపు తీసి పెట్టాను. చెప్పులు చేత్తో పట్టుకో. అంతకంటే ముందు ఆ బెల్లు ఊడదియ్యి. పూల బొమ్మలు చిరగనివ్వకు, దాని పుస్తకంలో అంటించుకుంటుంది.